అరిగిన ఆది

“ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈ గదిలో కుడుతున్నాను మాస్టారూ. ఇన్నాళ్ళూ లేని మోత ఇవాళ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందండి?”

“ఇన్నాళ్ళూ ఉందేమో. నాకు వినపడలేదు. ఇప్పుడు వినపడుతోంది.”

“అయితే తేడా వచ్చింది మీ చెవిలో. నా మిషన్లో కాదు.”

“చెవికి మిషన్ పెట్టించుకున్నది మనుషుల మాటలు వినటానికమ్మా! పెట్టుకున్న దగ్గర్నుంచీ మీ గరగర తప్ప ఇంకో ముక్క వినపడితే ఒట్టు. నా కాళ్ళ కింద కూచుని ఎవరో తిరగట్లో ఇసక విసురుతున్నట్టుంది.”

“మేం కుట్టేది పదింటి నుంచి అయిదింటిదాకేనండి. ఆ కాసేపూ తీసి డబ్బాలో పెట్టుకోండి.”

“నా చెవి నేనెప్పుడు పెట్టుకోవాలో మీరు చెప్తారా?”

“నా మిషన్ నేనెప్పుడు తొక్కాలో మీరు చెప్పటంలా?”

“ఇల్లు నాది కాబట్టి చెప్తున్నాను. ఒకటో తారీఖులోగా ఆ మోతన్నా ఆపండి, గదన్నా ఖాళీ చెయ్యండి.”

తెనాలిలో మేముండే ఇంటి మెట్ల మీద జరిగిందీ పోట్లాట. ఆయన పై వాటాలో ఉండే ఇంటి యజమాని, తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. కింద వీధి గది, దాని వెనక వంటిల్లు మావి. మామూలు రోజుల్లో నన్ను “చెల్లెమ్మా, నువ్వు” అంటారు. ఆ రోజు ప్రతి మాటకీ “మీరు” అన్నారు. మర్యాద పెరిగినప్పుడే భయపడాలని నాకు అప్పటికి తెలుసు. అయినా నోరు ఆగలేదు. మా ఇంట్లో ఉర్దూ, తెలుగూ కలగలిసి నడుస్తాయి గాని, పోట్లాటకి మాత్రం తెలుగే వాడతాం. అందులో మాటలు తడుముకోనక్కర్లేదు.

నేను మూడో తరగతిదాకా చదివాను. తర్వాత సూది పట్టుకున్నాను. నా కాలు మిషన్ నా మోకాళ్ళతో పాటే మూలపడింది. ఇప్పుడు కుట్టేది మా అమ్మాయి కూతురు. నా దగ్గరే పెరిగింది, డిగ్రీ చదివింది, ఉద్యోగం రాలేదు. చీరలకి పికో కొట్టాలన్నా, అంచులు చుట్టాలన్నా జిగ్‌జాగ్ మిషన్ ఉండాలని పట్టుబట్టి, ఎవరో వాడి వదిలేసిన కరెంటు మిషన్ ఒకటి తెచ్చుకుంది. వీధి గదికి రంగు వేయించి బోర్డు కట్టింది. ఆడవాళ్ళు చెప్పులు బయట విడిచి నేరుగా లోపలికి వస్తారు, జాకెట్టు ఇస్తారు, పోతారు. ఆ గదీ ఆ గుమ్మమూ లేకపోతే అంతమంది రారు. గది పోతే పిల్లకి మిగిలేది పొద్దున్నే వచ్చే బట్టల ఫ్యాక్టరీ బస్సు. మా చెల్లెలి కోడలు ఆ బస్సు ఎక్కుతోంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా కాలర్లు తప్ప వేరేది కుట్టదు. తను కుట్టిన చొక్కా పూర్తిగా ఎలా ఉంటుందో ఇంతవరకూ చూడలేదట.

అంచేత నోటితో ఒప్పుకోలేదు గాని, మాస్టారు మెట్లెక్కగానే మిషన్ దగ్గర చెవి పెట్టి విన్నాను. గరగర ఉంది.

రిపేరు కుర్రాడు వచ్చి మిషన్ని బోర్లా పడుకోబెట్టి, కింది దారం బాబిన్ దగ్గరి కొక్కేన్ని తిప్పే పళ్ళ చక్రం ఊడదీశాడు. తెల్లటి ప్లాస్టిక్‌ది, బెల్లం అచ్చంత ఉంది. “పళ్ళు అరిగినయ్ మామ్మగారూ. ఈ మోడలు సామాను రావటం ఆగిపోయింది. మిషన్ మార్చెయ్యండి” అన్నాడు.

మార్చెయ్యండి అనే మాట నాకు పడదు. ఆ మాట వినే ఉంటే నేను ఈపాటికి కళ్ళజోడు నాలుగుసార్లు, పంపు వాషరు పదిసార్లు, మా ఆయన్ని కనీసం ఒకసారి మార్చి ఉండాలి.

“ఫోన్లో ఉంది నానీ. ఇలాంటిదే. ఆర్డరు పెట్టేదా?” అంది మనవరాలు.

“ఇలాంటిదే వేరు, ఇదే వేరు. చేత్తో పట్టుకోకుండా చక్రం కొంటారా ఎవరన్నా?”

“చేత్తో పట్టుకోకుండానే కదా నిఖా చేసుకున్నావ్ తాతని.”

“అందుకే చెప్తున్నా.”

రేపల్లెలో రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే యంత్రాలకి ప్లాస్టిక్ చక్రాలు చేసే మనిషి ఒకతనున్నాడని అక్కడి మా బంధువులు చెప్పారు. అరిగిన చక్రాన్ని చేతిరుమాల్లో ముడేసుకుని పాసింజరెక్కాను. అతని కొట్టు రైల్వే గేటుకి దగ్గర్లోనే ఉంది. కొట్టునిండా ముల్లంగి దుంపల్లాంటి తెల్లటి కడ్డీలు, నేల మీద తెల్లటి పొట్టు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు.

“కొలతలేమన్నా తెచ్చారా పెద్దమ్మా?”

“ఆది తెచ్చాను కదయ్యా.”

“ఆది అంటే?”

“ఆడవాళ్ళు జాకెట్టు కుట్టించుకునేటప్పుడు టేపు పట్టనివ్వరు. తమకి సరిపోయే పాత జాకెట్టు ఒకటి తెచ్చిస్తారు. అదే ఆది. దాన్ని పరిచి, దాని మీద గుడ్డ వేసి కోస్తాం. ఇదిగో, ఈ చక్రం ఆది. దీనిలాగే చెయ్యి. వెంట్రుకంత తేడా రాకూడదు.”

అతను చక్రాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. “తేడా రానివ్వనండి. కాకపోతే ఇది మధ్యలో అరిగినట్టుంది. కాస్త సర్ది…”

“నువ్వు సర్దొద్దు. సర్దటం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలీదు. ఉన్నది ఉన్నట్టు చెయ్యి.”

“మీ ఇష్టం.”

రెండు పళ్ళ మధ్య సందులో అచ్చుగుద్దినట్టు కూర్చునేలా ఒక ఉక్కు ముక్కని సానబెట్టాడు. దాన్ని లేతు మిషన్‌కి బిగించి, తెల్ల కడ్డీ చుట్టూ ఒక్కొక్క సందే కోసుకుంటూ వచ్చాడు. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. కవలపిల్లలు. మెచ్చుకోవటం నాకు అలవాటు లేని పని. అయినా ఆ రోజు “బాగుంది” అని పైకే అన్నాను.

ఇంటికొచ్చి బిగించాం. మనవరాలు పెడల్ మీద కాలు పెట్టింది. ఒక జానెడు కుట్టి ఆపేసింది.

“నానీ, ఇదివరకు ఇసక విసిరినట్టుండేది కదా?”

“ఆఁ.”

“ఇప్పుడు శనగలు వేయిస్తున్నట్టుంది.”

“కొత్త చెప్పు కరవదూ? నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది.”

నాలుగు రోజులు తిరిగింది. శనగలు రాళ్ళయినయ్. తలకి రాసుకునే ఆముదం నాలుగు చుక్కలు వేశాను. “చక్రానికి తలంటు పోస్తున్నావా?” అని పిల్ల నవ్వింది. ఆ నవ్వు ఒక పట్టుచీర అంచు మీద ఆముదం మరక పడేదాకానే సాగింది. మరక పోగొట్టటానికి ముగ్గుపిండి, శనగపిండి, సగం పూట పట్టినయ్. మిషన్ కింద పాత బొంత మడిచి వేశాను. మోత తగ్గలేదు, మిషన్ మాత్రం బల్ల చివరికి నడవటం నేర్చుకుంది. పైనుంచి మాస్టారు చేతికర్రతో నేల మీద టకటకా కొట్టారు. ఆ కర్ర మోత గురించి నేనేమీ అనలేదు. నాకు చెవి మిషన్ లేదు.

ఒకటో తారీఖు ఎనిమిది రోజుల్లోకి వచ్చింది. పిల్ల అద్దె గదుల కోసం రెండు వీధులు తిరిగింది. ఒకటి మేడ మీద, ఒకటి కోడిమాంసం కొట్టు వెనక. ఫ్యాక్టరీ బస్సు ఎన్నింటికి వస్తుందో మా చెల్లెలి కోడల్ని ఫోన్లో అడగటం వంటింట్లోంచి విన్నాను. నాకు వినపడకూడదని గొంతు తగ్గించింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. తిన్నాను. పారెయ్యటం ఇష్టంలేక.

ఆ వారమే పిట్టలవానిపాలెం నుంచి జాకెట్లు తెచ్చే ఆవిడ ఆ మోత విని, చేత్తో చెవి మూసుకుని చెప్పింది: “మా నాన్న బాపట్లలో వర్క్‌షాపులో ఫిట్టరు చేశారండి. రిటైరై పదేళ్ళయింది. పళ్ళ చక్రం కనపడితే అన్నం కూడా మర్చిపోతారు. ఓసారి చూపించండి.”

రెండు చక్రాలూ పట్టుకుని నేనూ పిల్లా బాపట్ల వెళ్ళాం. పెద్దాయన పంచె, బనీను వేసుకుని వరండాలో టేబుల్ ఫాను విప్పుకుని కూర్చున్నారు. మా మొహాలు చూడలేదు, చక్రాలు చూశారు. పాతదాన్ని ఎండలోకి పట్టి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. తర్వాత కొత్తది. తర్వాత నవ్వారు.

“ఈ రెండోది ఎవరు చేశారో గాని మంచి పనివాడక్కయ్యగారూ. అరుగుదలని కూడా వదలకుండా దింపాడు.”

“నేనే అలా చెయ్యమన్నానండి.”

“ఎందుకని?”

ఆయన జవాబు కోసం ఆగలేదు. లోపలికి కేకేసి అప్పడాల కర్రలు రెండు తెప్పించారు. ఒకదానికొకటి ఆనించి ఒకదాన్ని తిప్పితే రెండోది తిరిగింది. చప్పుడు లేదు.

“పన్ను పక్క నిటారుగా ఉండదు. వడ్లగింజ పక్కలా పొట్ట ఉంటుంది. ఈ పొట్టా ఆ పొట్టా కలిస్తే ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి, ఇదుగో ఇట్లా. అరిగి ఆ పొట్ట పోయి గుంట పడిందనుకోండి, దొర్లవు. ఎడంగా ఉండి, వచ్చి గుద్దుకుంటాయి.” కర్రల్ని విడదీసి టక్కున కొట్టారు. “పన్ను పన్నుకీ ఒక టక్కు. చక్రం గిర్రున తిరుగుతుంటే ఆ టక్కులన్నీ కలిసి మీ మాస్టారి చెవిలో పడుతున్నాయి. పాత చక్రం, దాన్ని తిప్పే జత చక్రమూ కలిసి అరిగినయ్ కాబట్టి ఒకదానికొకటి కాస్త అలవాటుపడి గరగరతో సరిపెట్టుకున్నయ్. మీరు ఆ గుంట పన్నునే కొత్తగా చేయించి పెట్టారు. సందు పెరిగింది, గుద్దు పెరిగింది.”

“మరి ప్లాస్టిక్ మెత్తన కదా తాతగారూ, చప్పుడు రాకూడదు కదా?” అంది పిల్ల.

“మెత్తన కాబట్టే ఇంకో చిక్కుందమ్మా. బరువు పడితే పన్ను రవ్వంత వంగుతుంది. అది వంగేసరికి వెనక పన్ను కొన తన వంతు రాకముందే వచ్చి తగులుతుంది.”

“రేషన్ కొట్టు దగ్గర ముందావిడ సంచీ తీసుకోటానికి వంగితే వెనకావిడ మోచెయ్యి వచ్చి మన డొక్కలో తగిలినట్టు,” అన్నాను.

ఆయన మొదటిసారి నా మొహం చూశారు. “అచ్చం అదేనండి! అందుకని కొన దగ్గర రవ్వంత గీకి గుండ్రం చెయ్యాలి. మోచెయ్యి తగలదు.”

“గీకిస్తాను. కాని అసలు రూపం ఏదండి? మా దగ్గరున్నదే ఇది. ఇదేమో అరిగిపోయింది.”

ఆయన పాత చక్రాన్ని పక్కకి తిప్పి, అంచుని నా కళ్ళజోడు దగ్గరికి తెచ్చారు. “జత చక్రం సన్నది. దీని అంచుదాకా ఎప్పుడూ రాలేదు. మధ్యలో అరిగింది గాని, ఈ అంచున చూడండి, పన్ను పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లానే ఉంది. ఆ పనివాణ్ణి ఉక్కు ముక్క ఈ అంచు సందుకి సానబెట్టమనండి.” ఆ చోట పెన్నుతో చుక్క పెట్టారు.

వెలిసిపోయిన జాకెట్టు తెచ్చి ఇదే రంగు గుడ్డ కావాలని ఎవరైనా అడిగితే, లోపలి కుట్టు రెండంగుళాలు విప్పి, ఎండ తగలని మడతలో అసలు రంగు చూసి గుడ్డ ఎంచుతాను. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని. అదొక విద్య అనుకుని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. చక్రం చేతిలో పెట్టుకుని దాని మడత విప్పి చూడాలని మాత్రం తోచలేదు.

పిల్లకి తోచింది వేరే. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని అనేసింది.

“నానీ, కారంచేడు నుంచి ఒకావిడ వచ్చేది చూడు, అయిదేళ్ళ కిందటి ఆది జాకెట్టు పట్టుకుని. చంకలు సాగి, వీపు జారి, భుజం పిగిలి. ఆవిణ్ణి ఏమన్నావో గుర్తుందా?”

“గుర్తులేదు.”

“‘ఇది ఆది కాదమ్మా, అంతం’ అన్నావు. ఆవిడ మళ్ళీ రాలేదు.”

“ఇప్పుడెందుకది?”

“ఊరికే. రేపల్లె ఆయన నీలాంటివాడు కాకపోబట్టి సరిపోయింది. నిన్ను అనుంటే ఏం చేసేదానివో అని.”

చెంపదెబ్బ వేసే వయసు ఆమె దాటింది, వేసే బలం నేను దాటాను. సంచీలోంచి రెండు అరటిపళ్ళు తీసి ఒకటి ఇచ్చాను. నోరు ఆడేటప్పుడు మాట ఆడదు.

నెలాఖరుకి ముందు రోజు మళ్ళీ రేపల్లె. కొట్టతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“నేను ఆ రోజే చెప్పబోయానండి పెద్దమ్మా.”

“చెప్పబోయావు. నేనే చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెయ్యి.”

అంతకంటే పెద్ద క్షమాపణ నాకు చేతకాదు. అది క్షమాపణేనని అతనికి అర్థమైనట్టుంది, స్టూలు తుడిచి వేశాడు. పెన్ను చుక్క ఎందుకు పెట్టారో చెప్పాను. కొన సంగతీ చెప్పాను. అతను కొత్త ఉక్కు ముక్క తీసి అంచు సందులో పెట్టి చూడటం, సాన మీద ఆనించటం, మళ్ళీ చూడటం, పది పదిహేను సార్లు చేశాడు. మధ్యలో తలెత్తి అడిగాడు.

“ఈసారి కూడా వెంట్రుకంత తేడా రాకూడదా అండి?”

“రావాలి. కొన దగ్గర వెంట్రుకంత తేడా రావాలి.”

అతను నవ్వకుండా తల ఊపాడు. కోసిన పళ్ళ కొనలన్నీ చిన్న కత్తితో ఒక్కొక్కటే గీకాడు. గీకుతున్నంతసేపూ ఊపిరి పీల్చలేదు. నేను కూడా. చక్రాన్ని కాగితంలో చుట్టి ఇస్తూ, కడ్డీలో ముక్క మిగిలింది, కావాలంటే ఇంకోటి చేసి పెడతానన్నాడు. వద్దన్నాను. ఇంకోటి ఉంటే దీన్ని ఎవరూ జాగ్రత్తగా చూడరు. మొదటిసారి చేసిన తప్పుడు చక్రం మాత్రం పారెయ్యలేదు, నా తాళంచెవుల గుత్తికి తగిలించుకున్నాను. గుత్తి ఎక్కడ పడ్డా చప్పుడవుతుంది.

నెలాఖరు రోజు మధ్యాహ్నం బిగించాం. పిల్ల పెడల్ తొక్కింది. సూది కదులుతోంది, గుడ్డ ముందుకు జరుగుతోంది, చప్పుడు మాత్రం లేదనే చెప్పాలి. చెవి పెడితే పెనం మీద నీళ్ళచుక్క ఆవిరైనట్టు సన్నటి సర్‌మన్న శబ్దం. సూది గుడ్డని పొడవటం ముప్ఫై ఎనిమిదేళ్ళలో మొదటిసారి నేను విన్నాను. ఇంకోటి కూడా విన్నాను. పైన మాస్టారు పద్యాలు చదువుతారని నాకు తెలుసు గాని, ఇంత గట్టిగా చదువుతారని తెలీదు. ఒకే పద్యాన్ని నాలుగుసార్లు, నాలుగుసార్లూ రెండో పాదంలోనే ఆగి, మొదటికొచ్చి. సాయంత్రందాకా ఆ మోత భరించాను. ఖాళీ చెయ్యమని చెప్పటానికి ఇల్లు నాది కాదు.

“పైకెళ్ళి చెప్పొచ్చేదా నానీ, ఆగిపోయిందని?” అంది పిల్ల.

“చెప్పేదేముంది? వినమను.”

అన్నాను గాని, ఆ రాత్రి పిల్ల బోర్డు దించి గుడ్డతో తుడిచి, గోడకి ఆనించి పెట్టింది. నేను మళ్ళీ కట్టమనలేదు. కట్టొద్దనీ అనలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికే పిల్ల మిషన్ ముందు కూర్చుంది. తొమ్మిదింటికి మాస్టారు మెట్లు దిగి వచ్చారు. చెవి మిషన్ పెట్టుకునే ఉన్నారు. ఆయన వెనకాలే, బస్టాండు దగ్గర జిరాక్స్ కొట్టు నడిపే అతను, చేతిలో కొలత టేపు. గుమ్మం వెడల్పు కొలిచి, జిరాక్స్ మిషన్ అడ్డంగా పడుతుందని తనలో తను అనుకున్నాడు.

మాస్టారు గది మధ్యకి వచ్చి నిలబడ్డారు. “కుట్టటం మానేశావేమ్మా? పొద్దుటినుంచి చప్పుడే లేదు. సామాను సర్దుకోవటం అయిందా?”

“మొదలుపెట్టి గంటయిందండి తాతగారూ,” అంది పిల్ల, కాలు తియ్యకుండా.

ఆయన వంగి సూదిని చూశారు. చెవి మిషన్ తీసి ఊది, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. పిల్ల జాకెట్టు చెయ్యి ఒకటి పూర్తిగా కుట్టి దారం తెంపేదాకా అలాగే నిలబడ్డారు. తర్వాత జిరాక్స్ అతని వైపు తిరిగి, “గది ఖాళీ లేదండి” అన్నారు.

అతను టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. మాస్టారు పైకి వెళ్ళారు. పిల్ల రెండో చెయ్యి తీసుకుంది. నేను బోర్డు కట్టటానికి స్టూలు వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళాను.